గ్రహాంతర భాషల్లో అర్థం ఎక్కడుంటుంది?

పందొమ్మిదో శతాబ్దం చివర్లో జెనీవాలో ఎలెన్ స్మిత్ అనే మారుపేరుతో ఒకావిడకు పెద్ద పేరొచ్చింది. ఆవిడ పూనకంలోకి వెళ్ళి అంగారక గ్రహవాసుల భాష మాట్లాడేది. దానికో లిపి కూడా ఉండేది. పూర్వజన్మలో తానొక హిందూ రాకుమార్తెనని చెప్పి, సంస్కృతంలా వినిపించే మాటలూ పలికేది. వాటి సంగతేమిటో చూడమని ఆధునిక భాషాశాస్త్రానికి ఆద్యుడనదగ్గ ఫెర్దినాన్ ద సొస్యూర్‌నే అడిగారు. మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు తియొడోర్ ఫ్లూర్న్వా కొన్నేళ్ళపాటు ఆవిడ పలుకులన్నీ రాసుకుని, 1900 నాటి తన పుస్తకంలో ఆ అంగారక భాష గుట్టు విప్పాడు. మాటలు కొత్తవే గాని ధ్వనులన్నీ ఫ్రెంచివి. వాక్యంలో పదాల వరసా ఫ్రెంచిదే. ఫ్రెంచి ప్రశ్నల్లో కొన్నిచోట్ల క్రియకూ సర్వనామానికీ మధ్య పలుకు సాఫీగా సాగడానికి అర్థం లేని 'త' ధ్వని ఒకటి వచ్చి చేరుతుంది. అంగారక భాషలోనూ సరిగ్గా అక్కడే అర్థం లేని ధ్వని ఒకటి చేరింది! ఈ విమర్శ చెవినపడ్డాక ఆవిడ అంగారకం దాటి వెళ్ళి మరింత వింతైన ఇంకో భాషను పట్టుకొచ్చింది.

గ్రహాంతర భాషను కల్పించే ప్రతి రచయితకూ ఎదురయ్యే చిక్కు ఇదే. కల్పించేది మనిషి, వినేదీ మనిషే. మరీ మనలా ఉంటే నమ్మబుద్ధి కాదు. మరీ మనకు అందకపోతే కథ నడవదు. ఈ రెంటి మధ్య దారి వెతికిన ప్రయత్నాలకు దాదాపు నాలుగు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. 1638లో అచ్చయిన ఫ్రాన్సిస్ గాడ్విన్ కథలో చంద్రమండలవాసులు రాగాలతో మాట్లాడుకుంటారు. కొన్నేళ్ళకే సిరానో ద బెర్జెరాక్ చంద్రుడి మీద కులీనులకు సంగీతాన్నీ, సామాన్యులకు ఒళ్ళు కదిపే సైగలనూ భాషగా పంచిపెట్టాడు. 1880లో పెర్సీ గ్రెగ్ తన అంగారక నవలలో ఏకంగా విభక్తి పట్టికలే వేశాడు.

ఈ భాషల వింతదనాన్ని మూడు చోట్ల వెతకవచ్చు. మొదటిది ధ్వనులూ వ్యాకరణమూ. రెండోది మాధ్యమం, అంటే నోరా, రాతా, రాగమా అన్నది. మూడోది మాటకూ లోకానికీ మధ్య ఉన్న లంకె. సినిమాలూ టీవీ ధారావాహికలూ మొదటిదాని మీద ఎంతో శ్రమపడ్డాయి. నిజమైన వింత మాత్రం మూడోదాంట్లో ఉందని, దాన్ని పట్టుకున్న రచనలే మన భాష గురించి కూడా మనకు తెలియనిదేదో చెప్పాయని నా అభిప్రాయం.

వ్యాకరణంలో వింత

'స్టార్ ట్రెక్' కథల్లోని క్లింగాన్ అనే గ్రహాంతర జాతి భాషతో మొదలుపెట్టాలి. 1979 నాటి మొదటి 'స్టార్ ట్రెక్' సినిమా కోసం నటుడు జేమ్స్ డూహన్ కొన్ని కరకు పలుకులు కల్పించాడు. 1984లో వచ్చిన మూడో సినిమాకు వాటిని పునాదిగా చేసుకుని పూర్తి భాషను కట్టింది మార్క్ ఓక్రాండ్. ఆయన కాలిఫోర్నియా ఆదివాసుల భాషల్లో ఒకటైన ముత్సున్ వ్యాకరణం మీద పరిశోధన చేసిన భాషావేత్త. 1985లో నిఘంటువు వచ్చింది. 1992లో క్లింగాన్ భాషా సంస్థ ఏర్పడింది. తర్వాత హామ్లెట్ అనువాదమైంది. 2010లో హేగ్ నగరంలో క్లింగాన్ ఆపెరా కూడా ఆడింది.

ఓక్రాండ్ పద్ధతి తెలివైనది. లోక భాషల్లో అరుదుగా కనిపించే లక్షణాలను ఏరి ఒక్కచోట పోగేశాడు. వాక్యంలో ముందు కర్మ, తర్వాత క్రియ, చివర కర్త వస్తాయి. ఈ వరస బ్రెజిల్‌లోని హిష్కర్యానా వంటి కొద్ది భాషల్లోనే ఉంది. విడివిడిగా చూస్తే ఏ లక్షణమూ మనుషులకు కొత్తది కాదు, ఆ కలయికే కొత్త. అందుకే తెలుగువాడు క్లింగాన్ వ్యాకరణం తెరిస్తే ఒక తమాషా జరుగుతుంది. ఇంగ్లిషు ప్రేక్షకుణ్ణి బెదరగొట్టడానికి పెట్టిన మూర్ధన్యాలు మనకు రోజూ నోట్లో నానే డకార షకారాలు. క్రియ వెనక ప్రత్యయాల మీద ప్రత్యయాలు చేరుతూ పోవడం మనం పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్న పని. 'రాలేకపోయినట్టున్నాడు' అన్న ఒక్క మాటలో అశక్తతా, ఊహా, కర్త ఎవరన్నదీ ఇమిడిపోయినట్టే క్లింగాన్ క్రియలోనూ ఇముడుతాయి. ఆ ప్రత్యయాలను తొమ్మిది తరగతులుగా వరస పెట్టారు. చెప్పే సంగతి నిశ్చయమో, అనుమానమో తెలిపే తరగతి కూడా వాటిలో ఉంది. బహువచనంలో మాట్లాడగల ప్రాణులకు ఒక ప్రత్యయం, శరీర భాగాలకు ఒకటి, మిగతావాటికి మరొకటి. మహత్తు, అమహత్తు అని పదాలను విడదీసుకున్న భాషలో పుట్టినవాళ్ళకు ఇది వింతేమీ కాదు. కాకపోతే క్లింగాన్‌లో గీత గీసింది వాక్శక్తి దగ్గర. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, చివర్లో మళ్ళీ అవసరపడుతుంది.

క్లింగాన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం వ్యాకరణ సూత్రం కానే కాదు. భయాన్ని తెలిపే క్రియాప్రత్యయం ఒకటుంది. దాన్ని 'నేను', 'మేము' అనే కర్తలతో వాడటం వ్యాకరణరీత్యా ఒప్పే గాని, క్లింగాన్ సమాజంలో కూడదని ఓక్రాండ్ రాశాడు. యోధజాతి కాబట్టి 'వాడు భయపడ్డాడు' అనవచ్చు, 'నేను భయపడ్డాను' అనకూడదు. పట్టికలో నిక్షేపంగా ఉన్న రూపం నోటికి రాకూడదన్న ఈ ఒక్క కట్టుబాటు, గొంతు చించుకుని పలికే హల్లులన్నిటి కంటే ఎక్కువగా ఆ జాతిని మన కళ్ళముందు నిలబెడుతుంది.

2009 నాటి 'అవతార్' కోసం పాల్ ఫ్రామర్ కట్టిన నావి భాష మరో పద్ధతిలో నడిచింది. దర్శకుడు జేమ్స్ కామెరాన్‌కు అది వినసొంపుగా ఉండాలి, నటుల నోరూ తిరగాలి. అందుకని బ, డ, గ ధ్వనులు తీసేసి, ఊపిరితో పని లేకుండా గొంతు బిగించి వదిలే స్ఫోటాలు చేర్చారు. కాలాన్ని తెలిపే ముక్కలు క్రియ ముందూ వెనకా కాకుండా పొట్టలో దూరతాయి. చెప్పేవాడికి ఆ సంగతి ఇష్టమో, అయిష్టమో తెలిపే ముక్కకు కూడా క్రియ మధ్యలోనే చోటుంది. నిద్రపోయినవాడికి ఒక విభక్తి, వేటాడినవాడికి ఒకటి, వేటకు చిక్కినదానికి మరొకటి ఉండటం వల్ల పదాలను ఏ వరసలో పేర్చినా అర్థం చెడదు. నావి జాతికి చేతికి నాలుగేసి వేళ్ళు కాబట్టి లెక్క ఎనిమిదితో మలుపు తిరుగుతుంది. ఏకవచన బహువచనాల మధ్య ద్వివచనం, త్రివచనం ఉన్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకునే 'మనం', విడిచిపెట్టే 'మేము' అన్న తేడా కూడా ఉంది. ఇంగ్లిషువాళ్ళకు ఇది నావి జాతి ఉండే పండోరా ఉపగ్రహపు వింత. మనకు ఇంట్లో మాట.

అంటే తెర మీది గ్రహాంతర భాషల 'దూరం' కొలిచిన కొలబద్ద ఇంగ్లిషుది. తమిళమో, స్వాహిలియో, నవాహోనో మాట్లాడేవాళ్ళు అదే దూరాన్ని వేరేగా కొలుస్తారు. దీన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. నటుడి నాలుక మనిషి నాలుకే అయినప్పుడు ఇంతకన్నా దూరం పోవడం కష్టం. మన దగ్గర 2015లో 'బాహుబలి' కాలకేయుల కోసం మదన్ కార్కి కిలికి భాషను సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో కట్టాడు. కాలకేయులు గ్రహాంతరవాసులు కారు గాని, సూత్రం అదే. కాలకేయ నాయకుడిగా నటించిన ప్రభాకర్ నోట ఆ మాటలు విని హాల్లో జనం బెదిరింది వ్యాకరణం తెలిసి కాదు. గొంతూ, ముఖమూ, ఎదుట నిలిచిన సైన్యమూ కలిసి అర్థం చెప్పాయి. క్లింగాన్ భయప్రత్యయం దగ్గరా, ఇక్కడా కనిపించేది ఒకటే: అర్థంలో పెద్ద వాటా వ్యాకరణం బయట నుంచే వస్తుంది.

వాక్యం ముందే తెలిసినవాళ్ళు

టెడ్ చాంగ్ 1998లో రాసిన 'స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్' మాధ్యమాన్నే మార్చి చూసింది. ఏడు కాళ్ళు, చుట్టూ ఏడు కళ్ళు ఉన్న హెప్టాపాడ్‌లకు ముందూ వెనకా ఉండవు. వాళ్ళకు మాట్లాడే భాష ఒకటి, రాసే భాష మరొకటి. రాత మాటకు బొమ్మ కాదు, దానికి దానిదే వ్యాకరణం. కాగితం మీద అల్లుకుపోయే ఒక పెద్ద ఆకృతే వాక్యం. ఒక్కో గీత రెండు మూడు ఉపవాక్యాల్లో ఒకేసారి భాగమవుతుంది. కాబట్టి మొదటి గీత గీసేనాటికే చివరి గీత ఎక్కడ పడుతుందో రాసేవాడికి తెలిసి ఉండాలి.

చాంగ్ దీనికి ఆసరాగా తెచ్చుకున్నది పదిహేడో శతాబ్దపు ఫెర్మా సూత్రం. కాంతి గాలిలోంచి నీళ్ళలోకి పోయేటప్పుడు తక్కువ సమయం పట్టే దారినే పడుతుంది. గమ్యం తెలియకుండా ఏ దారి తక్కువో ఎలా తెలుస్తుంది? కారణం, దాని వెనక కార్యం అన్న వరసలో మనం చెప్పే భౌతికశాస్త్రాన్నే మొదలూ తుదీ కలిపి కూడా చెప్పవచ్చు. హెప్టాపాడ్‌లు చెప్పేది ఆ రెండో పద్ధతిలో. భవిష్యత్తు తెలిసినవాళ్ళకు ఇక మాటలెందుకన్న ప్రశ్న వస్తుంది. కథ ఇచ్చే జవాబు లోతైనది. వాళ్ళకు మాట సమాచారం చేరవేసేది కాదు, పనిని జరిపించేది. హరికథలో సీతా కల్యాణం వినడానికి వెళ్ళేవాళ్ళెవరూ విల్లు విరుగుతుందో లేదో తెలుసుకోవడానికి వెళ్ళరు. తెలిసిన కథే చెప్పించుకుంటారు, చెప్పినప్పుడే అది జరుగుతుంది. ఆ సంప్రదాయంలో పెరిగినవాళ్ళకు హెప్టాపాడ్‌ల మాట తీరు అంత దూరంగా అనిపించదు.

2016లో డెనీ విల్నూవ్ ఈ కథను 'అరైవల్' పేరుతో సినిమా తీశాడు. కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయ భాషావేత్త జెసికా కూన్ సలహాలిచ్చింది. చిత్రకారిణి మార్టీన్ బెర్ట్రాన్ పొగసిరాతో వేసినట్టుండే వలయాలు గీసింది. ఆద్యంతాలు లేని వాక్యానికి వలయం కంటికి ఇట్టే తోచే రూపం. భౌతికశాస్త్ర భాగం మాత్రం సినిమాలో పలచబడింది. దాంతో భాష నేర్చుకుంటే చాలు భవిష్యత్తు కనిపిస్తుందన్న మంత్రశక్తి ఒక్కటే పైకి తేలింది.

ఇక్కడ శాస్త్రం ఎంతవరకు తోడొస్తుంది? భాషే ఆలోచనను శాసిస్తుందన్న బెంజమిన్ లీ వోర్ఫ్ వాదానికి హోపీ భాషలో కాలానికి మాటలే లేవన్నది ఒకప్పుడు పెద్ద సాక్ష్యం. 1983లో ఎక్కెహార్ట్ మలోట్కి హోపీ కాలవాచకాలతో ఒక లావుపాటి గ్రంథమే వేసి ఆ సాక్ష్యాన్ని కొట్టేశాడు. నిలబడింది చిన్న వాదం: భాష కొన్ని అలవాట్లను పెంచుతుంది. ఆస్ట్రేలియాలో గుగు యిమిథిర్ మాట్లాడేవాళ్ళు కుడి ఎడమలకు బదులు దిక్కులు చెబుతారు, అందుకని దిక్కు ఎప్పుడూ వాళ్ళ ఎరుకలో ఉంటుంది. 'కాస్త తూర్పుకు జరుగు' అనే మన పల్లెటూళ్ళలోనూ ఈ అలవాటు కొంత కనిపిస్తుంది. దిక్కు తెలియడం వేరు, రేపటి సంగతి తెలియడం వేరు. చాంగ్ కథను శాస్త్రనిరూపణగా చదివితే తేలిపోతుంది. 'చెప్పడం అంటే ఏమిటి' అన్న ప్రశ్నగా చదివితే నిలుస్తుంది.

కథే మాటైనప్పుడు

1991లో ప్రసారమైన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' భాగం 'డార్మాక్' ఇంతకన్నా తక్కువ సరంజామాతో ఎక్కువ దూరం వెళ్ళింది. టమేరియన్లనే గ్రహాంతరవాసులు మాట్లాడితే మనుషుల ఓడలోని అనువాద యంత్రం ప్రతి పదాన్నీ తర్జుమా చేసేస్తుంది. అయినా ఎవరికీ ఏమీ బోధపడదు. వాళ్ళ వాక్యాలన్నీ తమ పురాణాల్లోని మనుషులూ, చోట్లూ, సంఘటనలే. ఓటమి చెప్పాలంటే ఓడినవాడి పేరూ ఆ సందర్భమూ చెబుతారు. కథ తెలియనివాడికి అది పేర్ల జాబితా.

ఆ యంత్రం ముందు తెలుగువాణ్ణి నిలబెట్టినా దాదాపు ఇదే గతి. 'వాడు సైంధవుడిలా అడ్డుపడ్డాడు', 'ఇది శల్య సారథ్యం', 'మా బదిలీ త్రిశంకు స్వర్గంలో ఉంది'. పదాలకు అర్థాలు నిఘంటువులో ఉంటాయి. ఎవరు ఎవరిని ఎందుకు ఆపారో, రథం తోలుతూనే ఎవరు ఎవరి గుండె జారేలా చేశారో తెలియకపోతే వాక్యం తెరుచుకోదు.

'డార్మాక్' మీద పాత అభ్యంతరం ఒకటుంది. కథ తెలిస్తేనే మాట అర్థమయ్యేటట్టయితే, మాట రాని పిల్లలకు కథ ఏ భాషలో చెబుతారు? మన అనుభవమే దీనికి జవాబు. 'త్రిశంకు స్వర్గం' అని అలవోకగా అనేవాళ్ళలో ఎంతోమందికి విశ్వామిత్రుడి సంగతి తెలియదు. ఏ సందర్భంలో అంటారో విని నేర్చుకున్నారు. ముందు వాడుక వస్తుంది, కథ తర్వాత వస్తే వస్తుంది, లేకపోతే లేదు. కొన్ని తరాలు గడిస్తే ప్రస్తావన అరిగి మామూలు మాటైపోతుంది. చదువు రానివాళ్ళకు తోలుబొమ్మలాటా, వీధి భాగవతమూ ఆ కథలను కళ్ళముందు ఆడి చూపించాయి. ధారావాహికలో కూడా దారి ఇదే. టమేరియన్ నాయకుడు భూమివాసి నాయకుణ్ణి ఒక గ్రహం మీదకు దించి, ఇద్దరూ కలిసి ఒక మృగంతో పోరాడే పరిస్థితి కల్పిస్తాడు. పాత కథను చెప్పలేక, కొత్త కథను ఇద్దరూ కలిసి ఆడతారు. అప్పుడు అర్థమవుతుంది.

అబద్ధం చేతకాని జాతి

చైనా మియెవిల్ 2011 నవల 'ఎంబసీటౌన్' మాటకూ లోకానికీ ఉన్న లంకెనే కత్తిరించి చూపింది. అరియెకై జాతికి నోళ్ళు రెండు. రెంటితో ఒకేసారి పలికితేనే మాట. ఆ పలుకు వెనక మనసు లేకపోతే వాళ్ళకది ఉత్త చప్పుడు, కాబట్టి యంత్రంతో పలికిస్తే పనికిరాదు. మనుషులు తమలోంచి ఒకేలాంటి జంటలను పెంచి, ఇద్దరూ ఒక్క మనసుగా మాట్లాడేలా తయారుచేసి రాయబారులుగా పంపుతారు. వాళ్ళ భాషలో మాట వస్తువుకు గుర్తు కాదు, వస్తువును చూపే కిటికీ. అందుకే లేనిదాన్ని చెప్పలేరు, అబద్ధం ఆడలేరు. ఉపమానం కావాలన్నా, ఆ ఉపమానం ముందు నిజంగా జరిగి ఉండాలి. కథ చెప్పే ఆవిస్ చిన్నప్పుడు అలాంటి ఒక సంఘటనలో పాల్గొని, వాళ్ళ భాషలో ఉపమానంగా మిగిలిపోతుంది.

భాషావేత్త చార్ల్స్ హాకెట్ మానవభాష లక్షణాలను 1960లో జాబితా వేసి, 1968లో ఆ జాబితాకు కొన్ని చేర్చాడు. వాటిలో అబద్ధమాడగలగడం ఒకటి. అంతకుముందే 1955లో ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికలో అంగారక భాషను ఎలా నేర్చుకోవాలో వ్యాసం రాసిన మనిషాయన. మియెవిల్ నవల ఆ జాబితాలోంచి ఒక్క లక్షణం తీసేసి, ఆ లోటుతో ఒక నాగరికత ఎలా కూలుతుందో చూపిస్తుంది. రూపకాలంకారం చేతనయ్యాకే అరియెకైలు బతికి బట్టకడతారు. వాళ్ళ దృష్టిలో ఒకదాన్ని మరొకటిగా చెప్పడం అబద్ధమే. ఆ అబద్ధమే వాళ్ళకు ఆలోచనకు తలుపు తీసింది.

దీనికి సరిగ్గా ఎదురుచివర పీటర్ వాట్స్ 2006 నవల 'బ్లైండ్‌సైట్' ఉంది. రోర్షాక్ అనే గ్రహాంతర నౌక మన సంభాషణలు విని విని, చక్కటి ఇంగ్లిషులో బదులిస్తుంది. అవతల మాట అర్థం చేసుకునేవాళ్ళెవరూ లేరని మనుషుల ఓడలోని భాషావేత్తకు మెల్లగా తెలిసొస్తుంది. తప్పుల్లేని వ్యాకరణం ఉంది, అర్థం లేదు. మాట్లాడే యంత్రాలు మన జేబుల్లోకి వచ్చేసిన ఈ రోజుల్లో ఈ నవల అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఉమ్మడి మెట్టు ఏది?

కథలూ పురాణాలూ పంచుకోనివాళ్ళతో ఎక్కడ మొదలుపెట్టాలి? శాస్త్రం దగ్గర అన్నది పాత నమ్మకం. హెచ్. బీమ్ పైపర్ 1957 కథ 'ఆమ్నిలింగ్వల్'లో పురావస్తు పరిశోధకురాలు అంతరించిన అంగారక లిపిని ఒక గోడమీది మూలకాల పట్టిక సాయంతో విప్పుతుంది. హైడ్రోజన్ ఎక్కడైనా హైడ్రోజనే కదా! 1960లో గణితవేత్త హాన్స్ ఫ్రాయిడెన్‌తాల్ లింకోస్ అనే విశ్వభాషను అంకెలతో మొదలుపెట్టి రూపొందించాడు. 1974లో ఆరెసీబో రేడియో టెలిస్కోపు పంపిన సందేశంలో 1679 బిట్లు ఉన్నాయి. రెండు ప్రధాన సంఖ్యలు 23, 73ల లబ్ధం అది. బిట్లను అన్ని వరసలుగా పేర్చితే బొమ్మ కనబడుతుందని ఆశ.

1977లో వాయేజర్ నౌకలు మోసుకెళ్ళిన బంగారుపూత రికార్డుల్లో 55 భాషల పలకరింపులున్నాయి. వాటిలో తెలుగు ఒకటి. వినేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకు ఆ నాలుగు మాటల్లో ఎక్కడ ఒక మాట ముగిసి ఇంకోటి మొదలయిందో కూడా తెలియదు. రికార్డును ఎలా తిప్పాలో చెప్పే పై బొమ్మల్లో కాలానికి కొలమానంగా హైడ్రోజన్ పరమాణువును పెట్టారు. భాషలను పంపారు గాని, అర్థమయ్యే భారమంతా భౌతికశాస్త్రం మీదే వేశారు.

అంకెల మెట్టు ఎక్కాక ఏముంది? రెండూ రెండూ నాలుగని ఒప్పుకున్నంత మాత్రాన మాట ఇవ్వడం, మోసపోవడం, పశ్చాత్తాపపడటం ఎలా చెబుతారు? ఫ్రాయిడెన్‌తాల్‌కు ఇది తెలుసు. అందుకే లింకోస్‌లో ప్రవర్తనకు సంబంధించిన భాగానికి వచ్చేసరికి సూత్రాలు పక్కనపెట్టి పాత్రలను ప్రవేశపెట్టాడు. ఒకరు అడుగుతారు, మరొకరు చెబుతారు, బాగుందనో బాగోలేదనో తీర్పులిస్తారు. గణిత భాష చివరికి చిన్న నాటకమైంది. ఆండీ వీర్ 2021 నవల 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ'లోనూ సంగీత స్వరాల్లా మోగే రాకీ అనే గ్రహాంతరవాసి మాటలను ల్యాప్‌టాప్ పట్టికలో ఎక్కించుకోవడం ఆరంభం మాత్రమే. భాష పెరిగింది రాకీ, మనిషీ ఇద్దరూ కలిసి పనిచేస్తూ పోయినకొద్దీ.

కలిసి చేయడానికి ఏమీ లేకపోతే? స్తానిస్లావ్ లెమ్ 1961 నవల 'సొలారిస్'లోని మహాసముద్రం మనుషుల జ్ఞాపకాలకు ఒళ్ళిచ్చి పంపుతుంది, ఎందుకో ఎప్పటికీ తెలియదు. 1968లో రాసిన 'హిజ్ మాస్టర్స్ వాయిస్'లో శాస్త్రవేత్తలు ఆకాశం నుంచి వచ్చిన సంకేతంలోంచి ఒక పదార్థాన్ని తయారుచేయగలిగారు గాని, ఆ లేఖ చదవలేకపోయారు. ఈ విభాగంలో నిజాయితీ ఎక్కువున్న రచయిత లెమ్ అని నాకనిపిస్తుంది. మిగతావాళ్ళంతా ఏదో ఒక చోట వంతెన దొరుకుతుందని నమ్మారు. ఆయన నమ్మలేదు.

ఇన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేదేమిటి? కల్పిత భాషను మెచ్చుకునేటప్పుడు మాటలెన్ని, విభక్తులెన్ని అని లెక్కపెట్టడం అలవాటు. క్లింగాన్, నావి ఆ లెక్కలో మొదటి వరసలో ఉంటాయి, వాటి వెనక పనితనం కాదనలేనిది. అయితే నిఘంటువే లేని టమేరియన్, నాలుగు వాక్యాలు మాత్రమే వినిపించే అరియెకై భాష, గీతలతో నడిచే హెప్టాపాడ్ రాత ఎక్కువ ప్రశ్నలు రేపాయి. ఒకరి మాట మరొకరికి అందాలంటే ఇద్దరికీ ముందు ఉమ్మడిగా ఏం ఉండాలి అని అవి అడిగాయి. ఉమ్మడి పని ఉండాలన్నదే పదేపదే వచ్చిన జవాబు.

తెలుగులో ఎవరైనా ఇలాంటి కథ రాయబోతే మొదటి వాక్యంలోనే చిక్కు కాచుకుని ఉంటుంది. నౌక దిగి గ్రహాంతర జీవి వచ్చాడా, వచ్చిందా, వచ్చారా? మన క్రియ ఎవరినీ ఏదో ఒక తరగతిలో చేర్చకుండా వదలదు, గౌరవం తేల్చకుండా ముగియదు. ఇంగ్లిషు కథకుడు తప్పించుకోగల తీర్పును తెలుగు కథకుడు ప్రతి వాక్యంలో ఇవ్వాలి. దీన్ని లోపంగా చూడక్కర్లేదు, కథకు ముడిసరుకు ఇదే. మాట్లాడగలవాళ్ళను ఒక తరగతిగా విడదీసిన క్లింగాన్ ఒక దారి చూపింది. మొదటి పుటలో 'వచ్చింది' అని రాసి, మనుషులతో కలిసి ఒక పని చేసి, ఒక మాట ఇచ్చి నిలబెట్టుకున్నాక ఏ పుటలో 'వచ్చారు' అని మార్చాలో తేల్చుకోగలిగిన రచయిత గ్రహాంతర భాషను కొత్తగా కల్పించాల్సిన అవసరం కూడా ఉండకపోవచ్చు.